బక్కవాటి వంతు

సంతకం పెట్టడానికి చేతులు నొప్పా అని అడిగారు చూడండి, ఆ మాటే నాకు నచ్చలేదు. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు. పన్నెండు దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు లోపలికి పిలిచి, కుర్చీ చూపించకముందే కాగితం చూపిస్తే ఎలా సార్? చదువుకోనివ్వండి. నాకు చదవడం వచ్చు. నెమ్మదిగా వచ్చు, అంతే.

"నాలుగు విడతలలోనూ జంతువులను జాబితాలో ఇచ్చిన వరుసలోనే గది నుండి తీసి అందజేసితిని." అందజేసితినట. నా నోట ఎప్పుడైనా ఆ మాట వస్తుందా? మా ఇంట్లో ఎవరైనా వింటే నాకు గాలి సోకిందనుకుంటారు.

సరే, కూర్చుంటాను. మీరూ గడియారం వంక చూడకుండా కూర్చోండి. ఇది ఒక్క నిమిషంలో తేలేది కాదు.

ఈ కాగితం ఏం చేస్తుందో నాకు తెలీదనుకోకండి. బయట మీ గుమాస్తా అంతా విడమరిచి చెప్పేశాడు. పాపం, నోట్లో నువ్వుగింజ నానదు అతనికి. నేను సంతకం పెట్టానా, ఎలుకల దగ్గర ఏ తప్పూ జరగలేదని తేలుతుంది. ఎలుకల దగ్గర తప్పు లేకపోతే, ప్రయోగం అంకెలన్నీ ఆ రీసెర్చి పిల్ల కూర్చుని అల్లినవేనని తేలుతుంది. నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరు. డాక్టరేటు రాదు సరికదా, ఇంకే లాబొరేటరీ గడపా తొక్కనివ్వరు.

పెట్టకపోతే నా ఉద్యోగానికి ముప్పు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది నాకు. అడకత్తెరలో పోకచెక్క అంటే నేనే.

తల అడ్డంగా ఊపకండి సార్. ముప్పేమీ లేదని మీరు రాసిస్తారా? ఇవ్వరు కదా.

మీరు చరిత్ర పాఠాలు చెప్తారట. ఎలుకలతో ఏ సంబంధమూ లేని మనిషైతే న్యాయంగా ఉంటుందని మిమ్మల్ని విచారణకి వేశారట. మంచిదే. మీకు ఎలుకల సంగతి తెలీదు, నాకు రాజుల సంగతి తెలీదు. ఒకరి ముందొకరు చిన్నబోనక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ కింది అంతస్తులో యానిమల్ హౌస్ నా చేతుల్లో ఉంది. డబ్బాలు కడగడం, పొట్టు మార్చడం, తిండీ నీళ్ళూ, తూకం, ఏది మూలిగినా ముందు నాకే తెలియడం. ఎలుకలమ్మ అంటారు నన్ను. మొదట వెక్కిరింతకి అన్నారు, పోనుపోను అదే పేరైపోయింది. జీతం కాగితం మీదున్న పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ, నేను పని నుంచి రాగానే ఒళ్ళు కడుక్కుంటే తప్ప వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆవిడ కొడుకు మాత్రం ఏ సందులో తిరిగొచ్చినా తిన్నగా కంచం ముందు కూర్చునేవాడు. పోనివ్వండి, పోయినావిడ.

అసలు సంగతికే వస్తున్నాను. ఇది వినకపోతే మిగతాది మీకెక్కదు.

ఒక్కో విడతకి ఆడ ఎలుకలు ఇరవై నాలుగు. అన్నిటికీ అండాశయాలు తీసేస్తారు. తీశాక మెడ వెనక చర్మం కింద అగ్గిపుల్ల ముక్కంత గొట్టం పెట్టి కుడతారు. పన్నెండింటి గొట్టంలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. మిగతా పన్నెండింటి గొట్టంలో ఉత్త నూనె. డబ్బాల మీద నంబర్లే తప్ప ఏది ఏదో కింద మాకెవరికీ తెలియకూడదు. రెండు వారాలు సాకుతాం. ఆ తర్వాత ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్నీ పక్క గదిలోకి తీసుకెళ్ళి ఆ పిల్లకి అందిస్తాను. అక్కడ దాని పని అయిపోతుంది.

రక్తం పడతారు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే గ్రంథులుంటాయి, అడ్రినల్ అంటారు. కందిగింజంత ఉంటాయి. వాటిని తీసి, కొవ్వు వలిచి, తూస్తారు. ఆపద వచ్చినప్పుడు ఒంటిని తట్టి లేపేవి అవే. ఎంత భయపడితే అంతగా వాటి రసం రక్తంలోకి దిగుతుంది. ఎంత దిగిందో మిషను చెప్తుంది.

ఆ పిల్ల తేల్చాలనుకున్నది ఒక్కటే. ఈస్ట్రోజెన్ ఉంటే ఆ గ్రంథి ఎక్కువ పని చేస్తుందా, లేదా.

మొదట ఆ పిల్ల గైడుగారు ఒప్పుకోలేదు. మా దగ్గర ఏళ్ళ తరబడి అన్నీ మగ ఎలుకలే. ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి ఒళ్ళు మారుతుంది, అంకెలు ఒక దారిన రావు, వాటితో తలనొప్పి అన్నారాయన. నేను స్టోరు తాళాల కోసం ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాను కాబట్టి విన్నాను. ఆ పిల్ల ఏమందో తెలుసా? మందులు మింగేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళేనండీ, తలనొప్పికి కూడా వాళ్ళు మందు మింగుతారు అంది. మెత్తగా, కాఫీ తాగుతారా అని అడిగినట్టు అంది. నాకు నవ్వాపుకోలేక తాళాలు కింద పడ్డాయి.

అండాశయాలు తీసేశాక ఇక ఒళ్ళు మారే ఆ చక్రాల గోలే ఉండదని ఒప్పించుకుంది చివరికి.

మూడు విడతలు చేశాం. మూడింట్లోనూ ఒకటే మాట. హార్మోను ఉన్నవాటి రక్తంలో ఆ రసం రెండింతలు. ఇక చూడాలి సంబరం. తలనొప్పి అన్నాయన పేరే వ్యాసం మీద ముందు పడింది. వసారాలో మగాళ్ళంతా ఒకటే ఇకఇకలు. ఆడదానికి కంగారెక్కువని ఇప్పుడు సైన్సే ఒప్పుకుంది, మా ఇంట్లో రోజూ రుజువవుతూనే ఉంది అని ఒకాయన. మా ఆవిడకీ ఆ కందిగింజలు తీయించాలి అని ఇంకొకాయన. ఆ పిల్ల వాళ్ళకి ఓపిగ్గా చెప్పేది. అది కంగారు కాదండీ, ఆపద ముందు నిలబడడానికి ఒళ్ళు కూడదీసుకునే సత్తువ అని. నవ్వుతున్న నోటికి పాఠం ఎక్కుతుందా?

తర్వాత నాలుగో విడత చేశాం. తేడా ఉంది గానీ, సగానికి సగం పడిపోయింది.

గైడుగారి మొహం చూడాలి అప్పుడు. అప్పటికే ఊరూరా తిరిగి రెండింతలు, రెండింతలని చెప్పొచ్చారాయె. మూడు రోజులు తలుపేసుకుని కూర్చున్నారు. నాలుగో రోజున పైవాళ్ళకి ఉత్తరం రాశారు. మొదటి మూడు విడతల అంకెలు విద్యార్థిని కల్పించి ఉంటుందని అనుమానంగా ఉంది అని. పేరు ముందు వేసుకున్న మనిషి చొక్కా కూడా ముందే దులుపుకున్నాడు.

ఇప్పుడు మీ జాబితా సంగతి.

ప్రతి విడతకీ ముందు రోజు ఆ పిల్ల చీట్లు కలిపి తీసి ఒక వరుస రాసిచ్చేది. పదిహేడు, నాలుగు, ఇరవై రెండు, ఇలా. ఆ వరుసలోనే ఎలుకల్ని తీయాలి. తీసినప్పుడల్లా ఆ నంబరు పక్కన నేను టిక్కు పెట్టాలి.

మొదటి మూడు విడతల్లో నేను ఆ వరుసలో తీయలేదు.

ఏం సార్? ఇందాక సంతకానికి అంత తొందరపడ్డారు, ఇప్పుడు కలం దొరకట్లేదా?

ఎందుకని అడగండి. నాకు నేను మోకాళ్ళని చెప్పుకున్నాను. పదిహేడు పై అరలో, నాలుగు కింది అరలో, ఇరవై రెండు మళ్ళీ పైన. ఎవరో చీట్లాడుకుంటే నా మోకాళ్ళెందుకు అరగాలి అనుకున్నాను. కందకి లేని దురద కత్తికెందుకని. కానీ అది అబద్ధం. నొప్పి ఉంది, అబద్ధమూ ఉంది.

నిజం ఏంటంటే, అండాశయం పోయిన ఎలుక బాగా తింటుంది. బలుస్తుంది. ఒక మూల బస్తాలా పడుకుంటుంది. హార్మోను ఉన్నది తక్కువ తింటుంది, బక్కగా ఉంటుంది, నిలవదు. మూత తీస్తే చాలు, ముందుకాళ్ళు పైకెత్తి నా వేలు వాసన చూస్తుంది. డబ్బా మీద నంబరే ఉండొచ్చు. ఇరవై రెండేళ్ళు ఎలుకల్ని పట్టిన చేతికి నంబరు కావాలా? పట్టుకోగానే తెలిసిపోతుంది.

బక్కవాటిని చివరికి ఉంచేదాన్ని.

అన్నీ పోయేవేనని నాకు తెలుసు సార్. వాటిని పెంచేదే అందుకని తెలుసు. అయినా రెండు వారాలు వేలు వాసన చూసినదాన్ని పొద్దున్నే మొట్టమొదట పట్టుకెళ్ళడానికి చెయ్యి రాదు. ఇంకో రెండు గంటలు తిరగనీలే అనుకునేదాన్ని. లావువాటిని ముందు ఇచ్చేసి, అన్నీ అయ్యాక టిక్కులన్నీ ఒక్కసారే పెట్టేసేదాన్ని. ఎవరికి నష్టం? అన్నిటి రక్తమూ పడతారు, ముందైతేనేం, వెనకైతేనేం?

ఆ పిల్లకి తెలియలేదా అంటారా? ఆ పిల్ల వంచిన తల ఎత్తదు ఆ పూటంతా. తోక మీది నంబరు చూస్తుంది, ఆ నంబరు రాసిన సీసా తీసుకుంటుంది. జాబితా నా గదిలో గోడకి ఉంటుంది. ఇరవై నాలుగు నంబర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ పిల్ల వైపు పొరపాటేదైనా ఉందంటే నన్ను నమ్మడమే.

జాబితా ఎందుకో నాకెవరూ చెప్పలేదు. దీన్ని సాకుగా చెప్పడం లేదు, ఉన్నమాట చెప్తున్నాను. మాకు ఏం చెయ్యాలో చెప్తారు. ఎందుకో చెప్పరు. ఎందుకో తెలిసినవాళ్ళంతా పై అంతస్తులో ఉంటారు.

ఆ పిల్ల ఒక్కతే నాతో కింద కూర్చుని తినేది, మధ్యాహ్నాలు, మెట్ల దగ్గర. అత్తా అని పిలుస్తుంది. మొదటి రోజే అత్తా అంది, నేనేమో నీకు మేనత్తనా మేనరికం కలిపేదాన్నా అని కసిరాను కూడా. అలా కాదులే అత్తా అని మళ్ళీ అత్తా అనే అంది. ఏం చేస్తాం.

నాలుగో విడతకి వారం ముందు అలాగే తింటున్నాం. తను చదువుతున్నదేదో చెప్పుకొచ్చింది. పక్క గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా మిగిలిన ఎలుకలకి తెలిసిపోతుందట అత్తా. వాసన వస్తుందో, చప్పుడు వినిపిస్తుందో. నిమిషాల్లో రసం పెరిగిపోతుందట. చివర మిగిలినవాటికి అన్నిటికంటే ఎక్కువట. అందుకే కదా మనం చీట్లు వేసుకునేది అంది.

నేను క్యారేజీ మూత పెట్టేశాను.

దయ అనుకున్నాను సార్ నేను. రెండు గంటల బతుకు ఎక్కువ ఇచ్చాననుకున్నాను. పన్నెండు సార్లు తలుపు చప్పుడు విని, పన్నెండు వెళ్ళడం చూసి, తన వంతు ఎప్పుడా అని కూర్చోవడం ఇచ్చాను. దాని రక్తంలో భయం ఉండక పాయసం ఉంటుందా? ఆ భయాన్ని పట్టి మిషనులో పెట్టి, చూడండి, ఆడ హార్మోను ఎంత పని చేసిందో అన్నారు. ఆ గదిలో దాన్ని ఎంతసేపు కూర్చోబెట్టారని ఎవరూ అడగలేదు. ఒంట్లో ఏముందా అని వెతికారు. వసారాలో నవ్వినవాళ్ళైతే వెతకను కూడా లేదు, వాళ్ళకి ముందే తెలుసు.

ఇది ఎలుకల సంగతే చెప్తున్నాను. మీరు ఇంటికెళ్ళి ఇంకెవరి సంగతైనా ఆలోచించుకుంటే నాకభ్యంతరం లేదు.

నాలుగో విడతలో జాబితా తప్పలేదు నేను. పదిహేడంటే పదిహేడు. వేలు వాసన చూసినదాన్నే మొదట పట్టుకెళ్ళాల్సి వచ్చింది. పట్టుకెళ్ళాను. తేడా సగానికి పడిపోయిందంటే అందుకే పడిపోయింది.

అలా అని ఆ పిల్ల కనిపెట్టింది ఉత్తది కాదు. గ్రంథుల బరువు చూడండి, మీ దగ్గర కాగితాలున్నాయి కదా, పసుపు అట్ట దాంట్లో. రెండు గంటల భయానికి గ్రంథి బరువు పెరగదు, అది రెండు వారాల పని. నాలుగు విడతల్లోనూ హార్మోను ఉన్నవాటి గ్రంథే బరువెక్కువ. నాలుగింట్లోనూ ఒకేలా. అంటే హార్మోను పని చేస్తోంది. రెండింతలు చెయ్యట్లేదు, అంతే. సగం దానిది, సగం నా చేతిది.

ఇంకో మాట. అంకెలు అల్లే మనిషే అయితే నాలుగో విడతకి కూడా రెండింతలని రాసి హాయిగా ఊరుకునేది కదా? తన కొంప తానే ముంచే అంకెల్ని ఎవరైనా కల్పిస్తారా? మీ చరిత్రలో ఉన్నారేమో చెప్పండి, నాకు తెలీదు.

హమ్మయ్య, కలం దొరికింది.

కానీ మీ మొహంలో వెలుగెందుకొచ్చిందో అర్థమైంది. అటెండరు నిర్లక్ష్యం అని రాస్తే అందరికీ సుఖం. పిల్ల బయటపడుతుంది, పెద్దాయనా బయటపడతారు, మీ విచారణ భోజనం వేళకి ముగుస్తుంది. రాయండి, తప్పు నాదే. అయితే ఆ జాబితాలు తెప్పించి చూసి రాయండి. నా టిక్కుల కింద ఒక గీత ఉంటుంది. దాని మీద అచ్చులో "దగ్గరుండి సరిచూచితిని" అని ఉంటుంది. ఆ గీత మీద ప్రతిసారీ గైడుగారి సంతకం ఉంటుంది.

నాలుగేళ్ళలో ఆయన మా మెట్లు దిగింది ఒకే ఒక్కసారి. ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికొస్తే, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. ఆ సంతకాలన్నీ ఒకే రోజు, ఒకే కూర్చోవడంలో, పై గదిలో పెట్టారు. నేనే పట్టుకెళ్ళాను కాగితాలు. మూడు విడతలూ నావి దొంగ టిక్కులే. వాటి కింద ఆయనది ఏ సంతకం సార్? తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి తెరిచి చూపించాను. ఆయన్ని కూడా ఆ బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టి, చెయ్యి తెరవమనండి.

రాయరా?

మీ విచారణ పరిధిలోకి రాదా. సరే. నేను నా కాగితం మీద నేనే రాస్తాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి గానీ, చదవడానికొస్తాయి. పైనున్న ఆ వాక్యం కొట్టేస్తున్నాను, చూడండి.

ఏమడిగారు?

ఆ పిల్లకి ఎందుకు చెప్పలేదనా. చెప్పలేదంటే తను అడగలేదనుకుంటున్నారా? అడిగింది. విచారణకి రమ్మని మీ ఉత్తరం అందిన రోజు మెట్లు దిగొచ్చింది. నేను సీసాలు కడుగుతున్నాను.

"అత్తా, వరుస ఎక్కడా తప్పలేదు కదా?" అంది.

"తప్పలేదమ్మా" అన్నాను.

ఇంకో మాట అడగలేదు. నాకు తెలుసత్తా అని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని, ఎలుకల దగ్గర పొరపాటు జరిగే ప్రసక్తే లేదు, అక్కడున్నది మా అత్త అని మీకు చెప్పిందట. అదీ మీ గుమాస్తాయే చెప్పాడు, ఇందాక. తన మెడకి తనే ఉరి బిగించుకుంది. తాడు నేను పేనిచ్చాను.

రాసుకోండి. ఉద్యోగం కోసం నేను అబద్ధమాడానని మాత్రం రాయకండి. ఉద్యోగానికే అయితే ఇవాళా ఆడేదాన్ని.

ఆ పిల్ల తన థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ అన్నిటికంటే ముందే రాసేసుకుంది. చివర రాయాల్సింది ముందు రాసుకున్నావేంటే అంటే, రాయడానికి తేలికైంది అదొక్కటే అత్తా అంది. చదివి వినిపించింది. అమ్మానాన్నలున్నారు, గైడుగారున్నారు. ఆఖర్న నా పేరు. జీతం కాగితం మీదున్న పేరు. ఆ పేరు పక్కన "ఈమె చేతికి తప్పు తెలియదు" అని.

ఇరవై రెండేళ్ళలో ఆ కింది అంతస్తు నుంచి ఎన్ని థీసిస్‌లు పైకి వెళ్ళాయో లెక్కలేదు. ఎలుకలెన్నో రాస్తారు, ఏ జాతివో, ఏం తిన్నాయో, గదిలో ఎంత వేడి ఉందో, దీపం ఎన్ని గంటలు వెలిగిందో రాస్తారు. నేనుండను. ఈ ఒక్కదాంట్లో ఉన్నాను. దానికి ఒక నకలు తీసివ్వమని అడిగి ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన సగంలో నిద్రపోయాడు.

తప్పానని ఒప్పుకుంటే ఆ వాక్యం కొట్టేస్తుంది కదా. అంతే సార్. ఆ ఒక్క వాక్యం ఇంకొన్నాళ్ళు నాదై ఉండనీ అనుకున్నాను. అది రాసిన పిల్ల బతుకు పోతున్నా సరే, ఉండనీ అనుకున్నాను. పన్నెండు రోజులు అనుకున్నాను.

ఇది ఒంట్లో ఏ గ్రంథి చేయిస్తుందో పైనున్న పెద్దమనుషుల్ని కనుక్కోండి. వాళ్ళ దగ్గర దేనికైనా సమాధానం ఉంటుంది.

సంతకం ఎక్కడ పెట్టాలి? ఇక్కడేనా?